సింగపూర్ టూర్, కొన్ని గ్రాఫ్ షీట్లు

మా స్కూల్లో తొమ్మిదో తరగతి పిల్లల్ని సింగపూర్ తీసుకెళ్లాలని మేనేజ్‌మెంట్ అనుకోగానే ప్లానింగ్ నా నెత్తిన పడింది. లెక్కల టీచర్ని కదా, ఖర్చుల పట్టిక వేసిస్తే చాలనుకున్నారు. నేను ముందు పాస్‌పోర్టుల గ్రాఫ్ గీశాను.

పదిహేనేళ్లలోపు పిల్లల పాస్‌పోర్టు గడువు ఐదేళ్లకి మించదు. సింగపూర్‌లో దిగేటప్పటికి దానికి ఇంకా ఆరు నెలలైనా మిగిలుండాలి. ఈ సంగతి సర్క్యులర్‌లో రాస్తే ఎవరూ చదవరు. అందుకని అడ్డంగా నెలలు, నిలువుగా పేర్లు వేసి ఒక్కొక్కరికి పాస్‌పోర్టు గడువు దాకా ఒక పట్టీ గీశాను. ప్రయాణం తర్వాత ఆరు నెలల దగ్గర నిలువు గీత. దాన్ని అందుకోని పట్టీలకి ఎరుపు రంగు. పేరెంట్స్ మీటింగ్‌లో అది గోడకి అంటించాక, "మా వాడిది ఉందిగా మేడమ్" అంటూ వచ్చినవాళ్లే ఫోన్ తీసి అపాయింట్‌మెంట్ వెతుక్కున్నారు. కొత్త పాస్‌పోర్టుకి అనెక్సర్-డి అనే ఒప్పుకోలు పత్రం మీద తల్లీ తండ్రీ ఇద్దరి సంతకాలు కావాలి. విశాఖలో ప్రతి సెక్షన్‌లోనూ నేవీలోనో, ఓడల మీదో పనిచేసే నాన్నలు ఉంటారు. వాళ్లు ఊళ్లో ఉండే వారాలు కూడా అదే షీటు మీద గుర్తు పెట్టాను.

వానల గ్రాఫ్ తేలిగ్గానే అయింది. సింగపూర్‌లో ఏడాదికి 2,100 మిల్లీమీటర్ల పైనే పడుతుంది, వాన లేని నెలంటూ లేదు. నవంబరు నుంచి జనవరి దాకా మరీ ఎక్కువ. కాబట్టి సంక్రాంతి సెలవులు కొట్టేసి వేసవి సెలవుల మొదటి వారం ఖాయం చేశాం. మధ్యాహ్నం పిడుగుల వాన అక్కడ మామూలే కనుక బయట చూసేవన్నీ పొద్దుటికి మార్చాం.

అసలు తగాదా ఏజెంట్ ఇచ్చిన ప్రోగ్రాంతో వచ్చింది. చదవడానికి నిండుగా ఉంది: దిగిన రోజే ఇది, మర్నాడు అది. దాన్ని గ్రాఫ్ షీటు మీదికి ఎక్కించాను. అడ్డంగా గంటలు, నిలువుగా హోటల్ నుంచి దూరం. ఒకచోట ఆగితే గీత పడుకుంటుంది, బస్సు హోటల్‌కి దూరమైతే లేస్తుంది, దగ్గరైతే దిగుతుంది. ఫ్రాన్స్‌లో మారే అనే శాస్త్రవేత్త 1885లోనే పారిస్-లియాన్ రైళ్లని ఇలా గీసిన గ్రాఫ్‌ని అచ్చువేశాడు. ఆ సంగతి చెబుదామని నేను నోరు తెరిచేలోపే, రైల్వే వాల్తేరు డివిజన్ కంట్రోల్ ఆఫీసులో పనిచేసి రిటైరైన ఒక తాతగారు లేచారు. "ఇది మా కంట్రోల్ చార్టే కదమ్మా! మీ బస్సుకి ఎదురుబండి క్రాసింగులు లేవు, అంతే తేడా" అన్నారు. తర్వాత ఒక గీత మీద వేలు పెట్టి, "ఇది ఇంత నిటారుగా ఉందేమిటి? ఈ స్పీడుకి రాజధాని కూడా చాలదు" అన్నారు. చాంగీ ఎయిర్‌పోర్టు నుంచి జురాంగ్ సైన్స్ సెంటర్‌కి వెళ్లాలంటే ఊరిని తూర్పు నుంచి పడమరకి దాటాలి. ఏజెంట్ దానికి ఇరవై నిమిషాలిచ్చాడు! పడుకున్న గీతలన్నీ కొలిస్తే పిల్లలు మెరీనా బరాజ్ దగ్గర నిలబడేది షాపింగ్‌లో గడిపేదానికంటే తక్కువ. మేం వెళ్లేదే నీళ్ల సంగతి తెలుసుకోవడానికి. 2008లో సముద్రానికి అడ్డుకట్ట వేసి నగరం నడుమ మంచినీళ్ల చెరువు చేసుకున్న చోటు అది. షాపింగ్ గీత సగానికి సగం తగ్గించాం. పిల్లలు మూతి ముడిచారు, నేను పట్టించుకోలేదు.

తిరిగొచ్చాక 'టూర్ ఎలా ఉంది?' అని అడిగి బార్ గ్రాఫ్ వేయమన్నారు. ఆ ప్రశ్నకి అందరూ ఐదుకి ఐదే వేస్తారు, అలాంటి గ్రాఫ్ దేనికీ పనికిరాదు. నేను వెళ్లేముందే రెండు విషయాలు రాయించి ఉంచాను. ఒకటి: మీ ఇంటి కుళాయిలోకి నీళ్లు ఎక్కడెక్కడి నుంచి ఎలా వస్తాయో బొమ్మ గీయండి. రెండు: ముక్కూమొహం తెలియనివాళ్లని ఇంగ్లీషులో సాయం అడగగలరా, మీకు మీరే మార్కులు వేసుకోండి. వచ్చాక మళ్లీ అవే రాయించి, ఎడమ వైపు పాత మార్కు, కుడి వైపు కొత్త మార్కు పెట్టి ఒక్కొక్కరికి ఒక గీత కలిపాను. సగటు తీస్తే ఒక్కొక్కరి మార్పు కనబడదు. రెండో ప్రశ్నలో ఒకమ్మాయి గీత కిందికి దిగింది. పిలిచి అడిగితే, "అప్పుడు ఊరికే వేసుకున్నాను మేడమ్. అక్కడ నిజంగా అడిగాక తెలిసింది" అంది. నా దృష్టిలో ఆ టూర్‌లో అందరికంటే ఎక్కువ నేర్చుకున్నది ఆ పిల్లే.

డబ్బు కట్టలేక ఆగిపోయినవాళ్లతోనూ ఇదే రాయించాను. వాళ్లని సైన్స్ సార్ మా ఊరికి నీళ్లిచ్చే మేఘాద్రిగెడ్డ రిజర్వాయర్‌కి తీసుకెళ్లొచ్చారు. నీళ్ల ప్రశ్నలో వాళ్ల గీతలు సింగపూర్ వెళ్లినవాళ్ల గీతలంత ఎత్తుకీ లేచాయి, కొందరివి ఇంకా పైకి. ఇంగ్లీషు ప్రశ్నలో మాత్రం గీతలు కదల్లేదు. రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తే ప్రిన్సిపాల్ మేడమ్ చాలాసేపు చూసి, "ఇది బ్రోషర్‌లో వెయ్యకండి" అన్నారు.

బ్రోషర్‌లో వెయ్యలేదు. కానీ వచ్చే ఏడాది ప్రోగ్రాంలో మేఘాద్రిగెడ్డ మొదట వచ్చింది, అందరికీ. సింగపూర్ ఆ తర్వాత. అక్కడ పిల్లలు నలుగురేసి జట్లుగా దారి అడుగుతూ మెట్రో రైల్లో తిరగడానికి ఒక పూట ఖాళీగా వదిలాం. ఏజెంట్ ఆ పూటకి కూడా షాపింగే రాసి పంపాడు. మళ్లీ కొట్టేశాను.