గురుగ్రహం పక్కన మూడు చుక్కలు

నిన్న రాత్రి మేడ మీది నుంచి చిన్న టెలిస్కోపులో గురుగ్రహాన్ని చూశాను. దాని పక్కన ఒకే గీత మీద మూడు చుక్కలున్నాయి. అవి గురుగ్రహపు నాలుగు పెద్ద ఉపగ్రహాల్లో మూడు; నాలుగోది గ్రహానికి ముందో వెనకో ఉండి ఉంటుంది. ఈ ఉపగ్రహాల కక్ష్యలు దాదాపు ఒకే తలంలో ఉండటం, ఆ తలాన్ని మనం అంచు వైపు నుంచి చూడటం వల్ల, గుండ్రంగా తిరిగేవి కూడా మనకు అటూ ఇటూ ఊగుతున్నట్టే కనిపిస్తాయి. 1610 జనవరిలో గెలీలియో చూసినవి ఇవే. నాకు మాత్రం వాటి లెక్కే ఎక్కువ వింతగా తోస్తుంది: వాటిలో గానిమీడ్ ఒక చుట్టు తిరిగేలోపు యూరోపా రెండు, అయో దాదాపు నాలుగు చుట్లు పూర్తిచేస్తాయి. ఈ లయ వల్లే అయో కక్ష్య పూర్తి వృత్తం కాలేక కాస్త సాగి ఉంటుంది. గురుగ్రహానికి దగ్గరవుతూ, దూరమవుతూ పడే ఆ నలుగుడుకే దాని లోపలి రాయి కరిగి అగ్నిపర్వతాలై ఎగజిమ్ముతుంది.