‘కోసం’ తీసేసి చెప్పండి

తెలుగులో ఉద్దేశం ముందొస్తుంది, పని చివరికొస్తుంది. ‘పిల్లల చదువు కోసం అబద్ధం రాయించాం’ అంటాం. ఆ మాట ‘రాయించాం’ దాకా వచ్చేసరికి వినేవాళ్ల మనసు మెత్తబడిపోయి ఉంటుంది. మంచి ఉద్దేశంతో చేసింది పాపమవుతుందా అన్న ప్రశ్న వస్తే మొదట చేయాల్సింది ఒకటే. ‘కోసం’ వరకు ఉన్న ముక్కను వేలితో మూసి, మిగిలింది పైకి చదవండి.

బైబిల్లో సమూయేలు మొదటి గ్రంథం 15వ అధ్యాయంలో ఇశ్రాయేలు రాజు సౌలు చెప్పుకున్నదీ ఇలాగే ఉంటుంది. దేవునికి బలి అర్పించడం కోసం మంచి గొర్రెల్నీ ఎడ్లనూ ప్రజలు మిగిల్చారు అంటాడు. మూసి చదివితే ‘మిగిల్చారు’. దేవుడు వద్దన్నది సరిగ్గా అదే. మేలు కలగాలని కీడు చేద్దామని అపొస్తలుడు పౌలు బోధిస్తున్నాడని కొందరు పుకారు పుట్టిస్తే, రోమా పత్రిక 3:8లో ఆయన దాన్ని అపవాదు అన్నాడు.

13వ శతాబ్దంలో క్రైస్తవ వేదాంతి థామస్ అక్వినాస్ దీన్ని మూడు భాగాలుగా విడదీశాడు: చేసిన పని, దాని ఉద్దేశం, పరిస్థితులు. మూడూ బాగుంటేనే పని మంచిది. ఒక్కటి చెడినా మొత్తం చెడుతుంది. కాబట్టి చెడు ఉద్దేశం దానధర్మాన్ని కూడా పాడుచేయగలదు కానీ, మంచి ఉద్దేశం దొంగతనాన్ని దానం చేయలేదు.

చిత్తూరు పక్క ఏ పల్లె సంఘంలోనైనా జరగగల సంగతి తీసుకుందాం. మందిరం స్లాబుకని ఇచ్చిన కానుకలు 2 లక్షలు కోశాధికారి దగ్గరున్నాయి. సంఘస్థుడొకాయనకు గుండెనొప్పి వస్తే తిరుపతికి తీసుకెళ్లారు. కోశాధికారి ఎవరికీ చెప్పకుండా అందులోంచి 60 వేలు తీసి ఆసుపత్రిలో కట్టాడు. ప్రేమతోనే కట్టాడు, అందులో అనుమానం లేదు. ‘కోసం’ మూస్తే మాత్రం, స్లాబుకని నమ్మి ఇచ్చిన డబ్బు వాళ్లకు తెలియకుండా వాడాడు. నెలాఖరున లెక్క కుదరక సిమెంటు ఖాతాలో ఎక్కిస్తాడు. అది రెండో తప్పు. విషయం బయటపడ్డాక, తర్వాత నిజంగా కష్టంలో ఉన్న మనిషికి కానుక పడితే చేతులు రావు.

అదే సాయం పాపం లేకుండా చేయడానికి అరగంట చాలు. ముగ్గురు పెద్దలకు ఫోన్ చేయాలి. స్లాబు నిధి నుంచి అప్పుగా తీస్తున్నామని మినిట్స్ పుస్తకంలో మొత్తం, తేదీ, ఒప్పుకున్నవాళ్ల పేర్లు రాయాలి. ఆదివారం ఆరాధనలో అందరికీ చెప్పి, విడిగా కానుక పట్టి ఆ అప్పు తీర్చాలి. కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 8వ అధ్యాయంలో యెరూషలేము పేదల చందా తేవడానికి పౌలు తీతు ఒక్కడినే పంపలేదు, తోడుగా సహోదరుల్ని పంపాడు. ఎవరూ తప్పు పట్టకూడదని, ప్రభువు ఎదుటే కాక మనుషుల ఎదుట కూడా సరిగ్గా ఉండాలని.

టైం లేదు కదా అంటారు. దేవుని మందసాన్ని, అంటే ఇశ్రాయేలీయుల పవిత్ర పెట్టెను, ముట్టుకుని చనిపోయిన ఉజ్జాకూ టైం లేదు. ఎడ్లు తడబడ్డాయి, మందసం ఒరిగింది, చెయ్యి చాపాడు. కానీ దాన్ని లేవీ గోత్రంలోని కహాతీయులు మోతకర్రలతో భుజాల మీద మోయాలి. కొత్త బండి కదా అని దాని మీద ఎక్కించిన రోజే ఆ అత్యవసరం మొదలైంది. మన అత్యవసరాల్లో చాలా వరకు ఇలాగే ముందు వారాల్లో మనం ఎక్కించిన బండ్లే. జబ్బుపడ్డవాళ్లకని విడిగా నిధి పెట్టకపోవడం, పెట్టె తాళం ఒక్కరి చేతిలోనే ఉంచడం అలాంటివే.

మరి హెబ్రీ మగబిడ్డల్ని కాపాడడానికి ఫరోకు అబద్ధం చెప్పిన మంత్రసానుల సంగతి, యెరికోలో ఇశ్రాయేలు వేగులవారిని దాచి అబద్ధం చెప్పిన రాహాబు సంగతి? ఆ మంత్రసానులు షిఫ్రా, పూయా దేవునికి భయపడ్డారని నిర్గమకాండం మెచ్చుకుంటుంది. హెబ్రీ పత్రిక రాహాబు విశ్వాసాన్నీ, వేగులవారిని చేర్చుకోవడాన్నీ మెచ్చుకుంటుంది. యాకోబు పత్రిక ఆమె వాళ్లను వేరే దారిన పంపడాన్ని కూడా చెబుతుంది. అబద్ధాన్ని ఎవరూ పొగడలేదు. అబద్ధం ఎప్పుడూ పాపమేనన్న తొలి సంఘ వేదాంతి అగస్టీను పట్టుబట్టింది ఇక్కడే. రెండు విధులు ఢీకొన్నప్పుడు తక్కువ చెడును ఎంచుకోక తప్పదనే క్రైస్తవులూ ఉన్నారు. వాళ్లు కూడా ఆ తర్వాత దేవుణ్ణి అడగమనేది క్షమాపణే.

అన్నిటికన్నా బరువైనది కుల ధ్రువపత్రం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే ఉండేది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో ఎస్సీల నుంచి క్రైస్తవులైనవారు బీసీ-సి కిందికి వస్తారు, ఆ కోటా 1 శాతం. బాప్తిస్మం తీసుకున్న తల్లి బిడ్డ సీటు కోసం ఫారంలో ‘హిందువు’ అని రాస్తుంది. ఉత్తర్వు అన్యాయమని నా గట్టి అభిప్రాయం. కోర్టులోనూ వీధిలోనూ బహిరంగంగా కొట్లాడాల్సిన అన్యాయం అది. అయినా ఆ గడిలో రాసింది అబద్ధమే. భయం, పేదరికం ఆమె దోషాన్ని తగ్గిస్తాయి, పని పేరు మాత్రం మార్చవు. దోషాన్నీ పని పేరునూ కలిపేస్తే ఒకరు ఆమెను నేరస్థురాలిని చేస్తారు, ఇంకొకరు అసలేమీ జరగలేదంటారు. ‘ఏం కాదు, రాసెయ్యండి’ అని చెప్పే పెద్దల దోషం ఆమెదాని కంటే పెద్దది. వాళ్లు చేయగలిగింది వేరే ఉంది. జూన్ అడ్మిషన్ల కంటే ముందే ఆమెతో కూర్చుని బీసీ-సి పత్రానికీ, ఫీజు రీయింబర్స్‌మెంట్‌కూ దరఖాస్తు పెట్టించి, ఇంకా కట్టాల్సిన ఫీజు ఎంతో లెక్కకట్టి, సంఘం ఎంత భరిస్తుందో ఆమెకు ఆ రోజే చెప్పాలి.