ఫిబ్రవరి 4, పచ్చి సాకే

ఇవాళ రిష్షున్, ఇక్కడ జపాన్ పాత పంచాంగం ప్రకారం వసంతం మొదలైనట్టే, బయట మాత్రం చలికి చెవులు తిమ్మిరెక్కుతున్నాయి. ఆఫీసు అయ్యాక టోక్యోలోని నిషి కసాయి స్టేషన్‌లో దిగి నేరుగా సాకే (బియ్యంతో చేసే ఇక్కడి మద్యం) షాపుకే పోయా. ఈ ఒక్కరోజు తెల్లారుజామున పిండిన సాకే సాయంత్రానికల్లా షాపులోకి వచ్చేస్తుంది, రిష్షున్ అసాషిబోరి అంటారు, ముందే చెప్పి పెట్టుకోవాలి. నేను 720 ఎంఎల్ సీసా చెప్పా. షాపు పెద్దాయన రెండు చేతులతో అందించి, ఇంటికెళ్ళగానే ఫ్రిజ్‌లో పెట్టండమ్మా అన్నట్టు ఎప్పటి పాటే పాడాడు.

ఆయన బాధ న్యాయమే. మామూలు సాకేని 60, 65 డిగ్రీల దాకా రెండుసార్లు వేడి చేస్తారు, నిల్వ పెట్టేముందు ఒకసారి, సీసాలో పోసేటప్పుడు ఇంకోసారి. నమజాకేకి, అంటే ఈ పచ్చి సాకేకి, ఆ రెండూ లేవు, అందుకే సాకే చెయ్యడానికి బియ్యానికి పట్టించే కోజి బూజు వదిలిన ఎంజైములు సీసాలో కూడా పని చేస్తూనే ఉంటాయి, బయట పెడితే రుచి పాడవుద్ది, బ్యాక్టీరియా చేరితే మబ్బుపట్టి పులుస్తుంది. (ఈ వేడి చేసే పద్ధతిని పాశ్చర్ కంటే మూడొందల ఏళ్ళ ముందే, 1560ల్లో, ఇక్కడి నారా అనే ఊళ్ళో బౌద్ధ సన్యాసులు డైరీలో రాసిపెట్టారు. డైరీ రాస్తే ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుందన్నమాట.)

మూత తీస్తే చిన్నగా బుస్సుమంది. పియర్ పండు వాసన, నాలుక మీద చిటపట, నీళ్ళు కలపని రకం కదా, వెనకాల నుంచి ఘాటు. మా ఆయన ఒక గుక్క తాగి, పొద్దున్నే దింపిన ఈతకల్లులా ఉందే అన్నాడు, అంతకంటే బాగా నేనూ చెప్పలేను.

డిసెంబర్‌లో వచ్చే షిబొరితతే, అంటే కొత్తగా పిండిన సాకే, నాకు మరీ దూకుడుగా అనిపిస్తుంది, మార్చిలో వచ్చే, కాస్త మబ్బుగా ఉండే ఉసునిగోరి రకం ఇష్టం, ఎండాకాలం వచ్చే నీలం సీసాల సాకే అయితే సగం మంది లేబుల్ చూసే కొంటారని నా అనుమానం. సెప్టెంబర్ హియాఓరోషి మాత్రం వేరే లెక్క. వసంతంలో ఒక్కసారి వేడి చేసి, ఎండలన్నీ పోయేదాకా ట్యాంకులో ఉంచి, రెండోసారి వేడి చెయ్యకుండానే సీసాల్లో నింపుతారు, అంటే పూర్తిగా పచ్చిది కాదు, అయినా కాల్చిన సన్మా చేప పక్కన అది ఉంటే ఇంకేం అడగను, ఏడాదంతా నేను ఎదురుచూసేది దానికోసమే.

నాన్నకి ఒకటి తీసుకెళ్దామని ఎన్నిసార్లు అనుకున్నానో, హైదరాబాద్ దాకా చల్లగా మొయ్యడం నా వల్ల అయ్యే పని కాదు. ఆయనకి ఎప్పుడూ ఆ రెండుసార్లు వేడి చేసిన మామూలు సాకేనే, పాపం అదే గొప్పగా ఉందంటారు.

రాత్రికి రొయ్యల వేపుడు చేశా, సాకే రుచి తెలియాలని కారం సగానికి తగ్గించా, దానికి మా ఆయన గొణుగుడు ఇంకా అవ్వలేదు. సగం సీసా మిగిలింది. రేపటికి గ్యాస్ పోయినా కాస్త మెత్తబడి ఉంటుంది, ఈసారి వేపుడులో కారం ఆయన చేతే వేయిస్తా.