ముక్కు దగ్గరి గీత

పొద్దున కాఫీ గుటక వేస్తే ముక్కులోంచి బయటికొచ్చింది. అంతకుముందే బట్టలు ఆరేస్తుంటే కళ్లు తిరిగి వాంతులయ్యాయి. ఎడమ చెంప తిమ్మిరి, గొంతు బొంగురు, ఆగని వెక్కిళ్లు. గ్యాస్ అనుకున్నాం. కాళ్లూ చేతులూ ఆడుతున్నాయి కదా, పక్షవాతమని ఎవరికి తడుతుంది? ఎమ్మారై చూసి డాక్టరు చెప్పారు: మెదడు కింది భాగంలో, మింగడాన్ని నడిపించే చోట రక్తం అందలేదని. వాలెన్‌బర్గ్ సిండ్రోమ్ అంటారట. తెలివి అంతా ఉంది, ఉమ్ము మింగడం మాత్రం రాదు. గిన్నె ఒళ్లో పెట్టుకుని కూర్చునేదాన్ని.

మర్నాడు ముక్కులోంచి కడుపులోకి తిండి పోసే గొట్టం, రైల్స్ ట్యూబ్ వేశారు. సిస్టర్ ముందు దాన్ని నా ముక్కు కొస నుంచి చెవి తమ్మె దాకా, అక్కణ్ణుంచి రొమ్ము ఎముక కింది దాకా పట్టి కొలిచింది, జాకెట్‌కి కొలతలు తీసినట్టు. జెల్లీ రాసి లోపలికి తోస్తూ "మింగండమ్మా" అంటుంది. నాకు రానిదే అది! మూడోసారికి దిగింది. ఎక్స్‌రేలో కడుపులోనే ఉందని తేలేదాకా చుక్క నీళ్లు పోయలేదు. ముక్కు అంచు దగ్గర ట్యూబ్ మీద పెన్నుతో గీత గీసి ప్లాస్టర్ అంటించింది.

ఇక రెండు గంటలకోసారి 200 ఎంఎల్. రాగిజావ, వడకట్టిన పప్పుకట్టు, పాలు. ముందూ వెనకా 30 ఎంఎల్ నీళ్లు, లేకపోతే జావ అట్టకట్టి ట్యూబ్ మూసుకుపోతుంది. తలవైపు మంచం ఎత్తే ఉంచేవారు, ఫీడ్ అయ్యాక గంట దాకా దించనిచ్చేవారు కాదు. జావ వేడి మావారే మణికట్టు మీద వేసుకుని చూడాలి, ఎందుకంటే నా కుడి చేతికి వేడి తెలియడం మానేసింది.

సిరంజిలోంచి పిస్టన్ తీసేసి, ట్యూబ్‌కి తగిలించి ఎత్తి పట్టుకుంటే జావ దానంతటదే దిగుతుంది. ఎత్తితే గబగబా, దించితే మెల్లగా. ఒకరోజు మావారు ఓపిక పట్టలేక పిస్టన్ పెట్టి నొక్కేశారు. పొట్ట బండరాయి అయిపోయింది. "సార్, మీరు అన్నం ఇంత స్పీడుగా తింటారా?" అంది సిస్టర్. ఆయన తింటారు, ఆ సంగతి ఆమెకు తెలియదు.

వారం తిరిగాక ఒక రాత్రంతా వెక్కిళ్లు, దగ్గు. ఉదయం ఫీడ్‌కి సిస్టర్ సిరంజి పట్టుకుని వచ్చి ఆగిపోయింది. చెమటకి ప్లాస్టర్ ఊడి, గీత ముక్కు నుంచి ఇంచుమించు జానెడు కిందికి వచ్చేసింది. ట్యూబ్ చెవి వెనక చుట్టి ఉండటంతో మేమెవరం గమనించలేదు.

"గాలి కొట్టి స్టెతస్కోప్‌తో వినెయ్యండి సిస్టర్, ఆకలంటోంది" అన్నారు మావారు.

"ఆ చప్పుడు ట్యూబ్ ఎక్కడున్నా వినపడొచ్చు సార్."

సిరంజితో లాగితే కాస్త నురగ వచ్చింది. ఆమ్లం ఎంతుందో చూపే పిహెచ్ పట్టీ మీద వేసి చూసింది, ఆమ్లం ఎక్కువైతే అంకె తగ్గుతుంది. కడుపు రసమైతే 5.5 లోపు చూపించాలట, ఇది 6 దాటింది. ఎక్స్‌రే తీస్తే ట్యూబ్ కొస అన్నవాహికలోనే ఉంది. మళ్లీ కొత్తది వేసి, మళ్లీ ఎక్స్‌రే తీసేసరికి మధ్యాహ్నమైంది. ఆకలికి ఆమెను లోపల్లోపల బాగా తిట్టుకున్నాను. పోసేసి ఉంటే అది పైకి తన్ని ఊపిరితిత్తుల్లో పడేదనీ, దాన్ని దగ్గి బయటికి తెచ్చే బలం నాకు లేదనీ డాక్టరు రౌండ్స్‌లో చెప్పాకే అర్థమైంది. అప్పట్నుంచి ప్రతి ఫీడ్‌కీ మావారి చూపు ముందు ఆ గీత మీదికే.

కడుపు నిండేది గానీ నోరు ఊరుకోదు. పక్క బెడ్ వాళ్లు ఆవకాయ సీసా మూత తీస్తే కళ్లమ్మట నీళ్లొచ్చేవి.

పంతొమ్మిదో రోజు మింగడం నేర్పే థెరపిస్ట్ ఒక చెంచా చిక్కటి పెరుగు పెట్టి, తల ఎడమకు తిప్పి మింగమంది. బలం లేని వైపుకి తిప్పితే ఆ దారి మూసుకుని, ముద్ద బాగున్న వైపు నుంచి దిగుతుందట. మింగాక "ఆ... అనండి" అంది. గొంతులో గురగుర లేదు. మూడు రోజులు అలా చూశాకే ట్యూబ్ తీశారు.

ఇప్పటికీ కాఫీ తల ఎడమకు తిప్పే తాగుతాను. ఎదురుగా కూర్చున్నవాళ్లు అలిగాననుకుంటారు.