సీవకుడు అడిగిన ప్రశ్న

2025 మొదట్లో పుణెలో జీబీఎస్ అనే నరాల జబ్బు, అంటే గీయాన్ బారే సిండ్రోమ్, కేసులు బయటపడి టీవీల్లో పొద్దస్తమానం అదే వార్త నడుస్తుంటే, మా ఇంట్లో గబగబా చానల్ మార్చేసేవారు, నేను భయపడతానని. అప్పటికే నాకు ఆ జబ్బు వచ్చి, తగ్గి, బడికి పాఠాలు చెప్పడానికి వెళ్లడం కూడా మొదలుపెట్టి చాలా కాలమైంది. భయం వాళ్లకే. నాకు మిగిలింది కోపం.

మొదట విరేచనాలు. అవి తగ్గాక కొన్నాళ్లకి అరికాళ్లలో తిమ్మిర్లు. దగ్గరలో ఉన్న డాక్టరు "విటమిన్ లోపం మేడమ్, కాస్త టెన్షన్ తగ్గించుకోండి" అని సూదిమందు రాశాడు. మర్నాటికి మెట్లు ఎక్కలేకపోయాను. ఆ తర్వాత జడ వేసుకుందామంటే చేతులు పైకి లేవలేదు. గుంటూరు తీసుకెళ్లారు. నరాల పరీక్ష చేసి, వెన్నులోంచి నీరు తీసి చూసి, గీయాన్ బారే సిండ్రోమ్ అన్నారు. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే పొరబడి నరాల మీద పడుతుంది. కలుషితమైన తిండితో కడుపులో చేరే కాంపైలోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా తర్వాత ఇలా జరగడం ఎక్కువట. ఐవీఐజీ అనే యాంటీబాడీల మందు నరంలోకి ఎక్కించారు. ఖర్చు సంగతి రాయను. మా ఆయన ఆ అప్పు ఇంకా కడుతున్నారు.

ఈ జబ్బులో అసలు ప్రమాదం ఊపిరి కండరాలు చచ్చుబడితే. అందుకని ఐసీయూలో డ్యూటీ డాక్టరు వచ్చినప్పుడల్లా గట్టిగా గాలి పీల్చుకుని, ఒక్క ఊపిరిలో ఒకటి నుంచి అంకెలు చదవమనేవాడు. ఒక రోజు సాయంత్రం ఇరవై దాటాను. అర్ధరాత్రికి పదిహేను. తర్వాత పదకొండు. అతను నా కాళ్ల దగ్గర నిలబడి సిస్టర్‌తో, "ఈ బెడ్డు తెల్లారేలోపు వెంటిలేటర్‌కి పోతుంది, ట్యూబు రెడీగా పెట్టుకో" అన్నాడు. జీబీఎస్‌లో కాళ్లూ చేతులూ పడిపోతాయి గానీ తెలివి పోదు, చెవులు పోవు. ఆ సంగతి నాకంటే అతనికే బాగా తెలిసుండాలి.

అంతకంటే ఎక్కువ తొలిచిన మాట ఇంకొకటి ఉంది. మధ్యాహ్నం మా మేనత్త చూడ్డానికి వచ్చి, నా మంచం పక్కనే నిలబడి అమ్మతో, "ఏ జన్మలో ఏం పాపం చేసుకుందో పిచ్చిది" అంది. ప్రేమతోనే అంది, కళ్లు తుడుచుకుంటూ అంది. కానీ కదల్లేని మనిషికి రాత్రంతా వేరే పనేముంటుంది? నా పాపాలన్నీ ఒక్కొక్కటే తీసి చూసుకున్నాను. చిన్నప్పుడు చీపురుతో కొట్టి చంపిన బల్లి దగ్గర్నుంచీ. అవన్నీ కలిపినా ఇంత శిక్షకి సరిపోవడం లేదు. అయితే ఇది కిందటి జన్మదే అయ్యుంటుంది, దానికి ఎవరికి క్షమాపణ చెప్పుకోవాలో తెలియదు. ఊపిరాడకపోవడం ఒక భయం. అది నాకు తగిందే అనిపించడం దానికంటే పెద్ద భయం.

ఆ రాత్రి నన్ను నిలబెట్టింది నైట్ డ్యూటీ సిస్టర్. మింగలేక లాలాజలం కారిపోతుంటే విసుక్కోకుండా తుడిచేది, అటూ ఇటూ ఒత్తిగిలి పడుకోబెట్టేది. మధ్యమధ్య వాళ్ల ఊళ్లో ఇంటికి శ్లాబు వేస్తున్న కబుర్లు చెప్పేది. నేను నాలో నేనే అంకెలు చదువుకుంటున్నానని పెదాలు చూసి కనిపెట్టింది. "మీరు లెక్కపెట్టొద్దు మేడమ్, ఊరికే ఊపిరి తీసుకోండి. లెక్క నేను చూసుకుంటా" అంది. తెల్లవారేసరికి ఆ పదకొండు పదకొండు దగ్గరే ఆగింది. ట్యూబు అవసరం రాలేదు. డాక్టరు ఫైల్లో ఏదో రాసుకుని వెళ్లిపోయాడు.

బుద్ధుడి దగ్గరికి నేను ఇల్లు చేరాక వచ్చాను. సోషల్ టీచర్ని కాబట్టి అంతవరకూ బుద్ధుడంటే నాకు అష్టాంగ మార్గం, నాలుగు మార్కుల ప్రశ్న. పిల్లల్ని నాగార్జునకొండ తీసుకెళ్లినప్పుడు కూడా లాంచీలోంచి ఎవరూ నీళ్లలో పడకుండా చూడ్డంతోనే సరిపోయేది. మా బడిలో పనిచేసి రిటైరైన తెలుగు మాస్టారు పాలి సుత్తాల, అంటే బుద్ధుడి ఉపదేశాల, అనువాదాలు తెచ్చి మంచం మీద పెట్టి వెళ్లారు. పుస్తకం పట్టుకోవడానికి వేళ్లు రావు. ఇంటర్ చదివే మా అబ్బాయి పేర్ల దగ్గర తడబడుతూ చదివి వినిపించేవాడు. వాట్సాప్‌లో అందరూ పంపే 'రెండు బాణాల' కథ కూడా వచ్చింది: ఒంటి నొప్పి మొదటి బాణం, దాని గురించి మనసు పడే బాధ రెండోది అని. మంచిదే, కానీ మొదటి బాణం ఇంకా ఒంట్లోనే ఉన్నవాడికి అది చెప్పకండి, ఒళ్లు మండుతుంది.

ఒకరోజు ఆ సుత్తాల సంపుటాల్లో ఒకటైన సంయుత్త నికాయంలో మోళియ సీవకుడనే పరివ్రాజకుడు వచ్చాడు. రాజగృహంలో బుద్ధుణ్ణి అడుగుతాడు: మనిషికి కలిగే సుఖమైనా దుఃఖమైనా అంతా పూర్వం చేసినదాని ఫలమే అంటున్నారు కొందరు, తమరేమంటారు? అలా అనేవాళ్లు తమకు తెలిసినదాన్నీ దాటిపోతున్నారు, లోకం నిజమని ఎరిగినదాన్నీ దాటిపోతున్నారు, అది వాళ్ల పొరపాటు అంటాడు బుద్ధుడు. బాధలు కలిగేది పిత్తం వల్ల, కఫం వల్ల, వాతం వల్ల, మూడూ కలిసి, రుతువులు మారడం వల్ల, ఒంటిని సరిగా చూసుకోకపోవడం వల్ల, దెబ్బల వల్ల, ఆఖరికి కర్మ వల్ల. కర్మ ఎనిమిదోది! అబ్బాయిచేత మళ్లీ చదివించాను, మళ్లీ మళ్లీ చదివించాను. వాడు "అమ్మా, ఇంక చాలు" అన్నాడు. ఆ పూట నేను ఏడ్చినంత ఐసీయూలో కూడా ఏడవలేదు.

ఆ తర్వాత కావాలని వెతికి చదివించుకున్నాను. భిక్షువుల నియమాలు చెప్పే వినయ పిటకంలో ఒక భిక్షువు విరేచనాలతో తన మలమూత్రాల్లోనే పడి ఉంటాడు, ఎవరూ చూడరు. బుద్ధుడు నీళ్లు పోస్తే ఆయన శిష్యుడు ఆనందుడు కడుగుతాడు. ఒకరు తలవైపు, ఒకరు కాళ్లవైపు పట్టుకుని మంచం మీదికి చేరుస్తారు. "నాకు సేవ చేయాలనుకున్నవాడు రోగికి సేవ చేయాలి" అన్న బుద్ధుడి మాట అక్కడిదే. దాని వెంటే ఎవరు మంచి రోగి, ఎవరు కాదు అన్నది కూడా ఉంది. పథ్యం పాటించాలి, మితం తెలియాలి, మందు వేసుకోవాలి, నొప్పి ఉన్నదున్నట్టు చెప్పాలి, ఓర్చుకోవాలి. నా మట్టుకు నాలుగోదే కష్టం. ఫిజియోథెరపీ అబ్బాయి అడిగితే "పర్లేదు బాబూ" అనేదాన్ని. అప్పట్నుంచీ ఎక్కడ ఎంత నొప్పో చెప్పడం మొదలుపెట్టాను. పాదం తొందరగా లేచింది కూడా.

మా ఆయన మీద కొంత అలక ఉండేది. విజిటింగ్ టైములో వచ్చి నా చెయ్యైనా పట్టుకోకుండా "ఈఎంఐ కట్టేశా, వాడికి క్యారేజీ కట్టా, గ్యాస్ వచ్చింది" అని అప్పజెప్పి వెళ్లేవారు. ఇంకో సుత్తాల సంపుటం అంగుత్తర నికాయంలో నకులమాత అనే ఇల్లాలు జబ్బుపడ్డ భర్తతో ఏమంటుందో విన్నాక ఆ అలక పోయింది. బెంగతో పోవద్దు, నాకు నూలు వడకడం వచ్చు, పిల్లల్ని పెంచగలను, ఇల్లు నడపగలను అంటుంది ఆవిడ. భర్త కోలుకుంటాడు. పాపం, ఈయనా అదే చెప్తున్నారు, గ్యాస్ భాషలో.

గిరిమానందుడనే భిక్షువు ఆనందుడి నోట ధర్మం విని జబ్బునుంచి లేచాడట. నేను ఐవీఐజీతో లేచాను. వేలమంది ఇచ్చిన ప్లాస్మా కలిపి తయారుచేస్తారు ఆ మందు. వాళ్లలో ఒక్కరి పేరూ నాకు తెలియదు, రోజూ తల్చుకుంటాను. కాబట్టి విరేచనాల తర్వాత కాళ్లలో తిమ్మిరి మొదలై, నీరసం పైకి పాకుతుంటే సుత్తాలూ వద్దు, విటమిన్ సూదులూ వద్దు. ఆ రోజే నరాల డాక్టరు దగ్గరికి వెళ్లండి. అమ్మ మొక్కుకుందని మంగళగిరి పానకం కూడా సమర్పించి వచ్చాం. మెట్లు నేనే ఎక్కాను, మెల్లగా.

కాలివేళ్లలో మొద్దుతనం ఇంకా పోలేదు. పోకపోవచ్చు అన్నారు.

మొన్న అత్తయ్యకి చికున్‌గున్యా వచ్చింది. చూడ్డానికి వెళ్తే కీళ్లు పట్టుకుని, "ఏ జన్మ పాపమోనే" అని మొదలుపెట్టింది. "దోమతెర కట్టుకుంటున్నావా అత్తయ్యా?" అని అడిగాను. కట్టుకోవడం లేదట, ఉక్కగా ఉంటుందని.