బాపు లైన్‌బాక్సు మూత మీది ఫొటో

దసరాకు ముందు రైల్వే బోనసు వార్త పత్రికలో కనిపించినప్పుడల్లా నాకు కాజీపేటలోని మా పాత క్వార్టర్, తలుపు వెనక ఉండే బాపు లైన్‌బాక్సు గుర్తుకొస్తాయి. బొగ్గింజన్ మీద ఫైర్‌మన్‌గా పనిచేసిన బాపు ఆ ఇనుప పెట్టెలో బియ్యం, పప్పు, పచ్చడి సీసా సర్దుకొని బల్లార్షా వైపు బండెక్కితే, తిరిగి ఎప్పుడొస్తాడో అమ్మకు తెలిసేది కాదు. మూత లోపలి వైపు పత్రికలోంచి కత్తిరించి అంటించిన ఫొటో ఒకటి ఉండేది: సంకెళ్లు పడ్డ చేతిని పైకెత్తిన కార్మిక నాయకుడు జార్జి ఫెర్నాండెజ్.

1930లో మంగళూరులో పుట్టిన ఆయనను ఇంట్లోవాళ్లు చర్చి ఫాదర్ కావాలని బెంగళూరులో మతగురువులను తయారుచేసే సెమినరీకి పంపారు. అక్కడ ఇమడలేక 1949లో బొంబాయి చేరి, పేవ్‌మెంట్ల మీద పడుకుంటూనే రేవు కూలీలతో, టాక్సీ డ్రైవర్లతో సంఘాలు నడిపాడు. 1967లో బొంబాయిలో తిరుగులేదనుకున్న కాంగ్రెస్ నాయకుడు ఎస్.కె. పాటిల్‌ను ఓడించి లోక్‌సభకు వెళ్లాడు.

బాపుకు మాత్రం జార్జి అంటే 1974 మే నెలే. బండ్లు నడిపే రన్నింగ్ స్టాఫ్‌కు ఎనిమిది గంటల డ్యూటీ, అందరికీ బోనసు, ప్రభుత్వరంగ సంస్థలతో సమానమైన జీతాలు కావాలని అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషన్ అధ్యక్షుడిగా ఆయన సమ్మెకు పిలుపునిచ్చాడు. మే 2న ఆయన్నే అరెస్టు చేసినా, 8వ తేదీన మొదలైన సమ్మె 27 దాకా సాగింది. ఆ రోజులన్నీ బాపు మా మేనమామ ఊళ్లో, పశువుల కొట్టంలో పడుకున్నాడట. “పొద్దున లేస్తే ఇంజన్ కూత లేకపోయేది బిడ్డా, అదే భయమయ్యేది” అనేవాడు. డిమాండ్లేవీ నెరవేరకుండానే సమ్మె ముగిసింది. దేశమంతటా వేల మంది ఉద్యోగాలు పోయాయి. 1977లో జనతా ప్రభుత్వం వచ్చాకే వాళ్లను తిరిగి తీసుకున్నారు. బోనసు 1979లో మంజూరైంది.

ఎమర్జెన్సీలో, పేలుళ్లకు కుట్ర పన్నారని పెట్టిన బరోడా డైనమైట్ కేసులో జైలుకు పోయి, అక్కడినుంచే బిహార్‌లోని ముజఫర్‌పూర్‌లో లోక్‌సభకు గెలిచిన జార్జి, 1979 జులైలో మొరార్జీ దేశాయ్ జనతా ప్రభుత్వాన్ని సభలో గట్టిగా సమర్థించి, ఆ వెంటనే విడిచిపెట్టాడు. ఆపైన బీజేపీతో కలిసి రక్షణ మంత్రి అయ్యాడు. సోషలిస్టు అని చెప్పుకొన్న మనిషి ఇలా చేయడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. బాపుతో వాదించేవాణ్ని. ఆయన జవాబిచ్చేవాడు కాదు గానీ, పెట్టె మూత తెరిచినప్పుడు ఆ ఫొటో కొసలు లేస్తే మైదా అంటించి మళ్లీ అదిమేవాడు.