అమెరికాలో షాపు గిఫ్ట్ కార్డు మీద ఫీజు వేయొచ్చా?

ఎడిసన్‌లో చీరల షాపు అయినా, ఇర్వింగ్‌లో బిర్యానీ హోటల్ అయినా, అమ్మిన గిఫ్ట్ కార్డు వాడకుండా పడుంటే నెలకు రెండు డాలర్లు కోసుకోవచ్చా? 2010 ఆగస్టు 22 నుంచి అమల్లో ఉన్న ఫెడరల్ రూల్ ప్రకారం కోసుకోవచ్చు. కాకపోతే కార్డు 12 నెలలు కదలకుండా ఉండాలి, ఆ తర్వాత కూడా నెలకు ఒక్క ఫీజే.

తప్పులు ఎక్కువగా జరిగేది ఈ 12 నెలల లెక్క దగ్గరే. జనవరి 15న 50 డాలర్ల కార్డు అమ్మారు, జూన్ 15న కస్టమర్ 30 డాలర్లు వాడారు అనుకుందాం. 12 నెలల లెక్క జనవరి నుంచి కాదు, జూన్ 15 నుంచి. డిసెంబర్‌లో ఫోన్ చేసి బ్యాలెన్స్ అడిగితే అది వాడకం కిందికి రాదు. అదే ఏడాది ఆగస్టులో ఐదు డాలర్లు వాడినా చాలు, లెక్క మళ్లీ మొదటికి.

ఫీజు ఎంత, ఎన్నాళ్లకోసారి, వాడకపోతే పడుతుందా అన్నది కార్డు మీదే ఉండాలి. కవర్ మీద వేస్తే చెల్లదు. టోల్ ఫ్రీ నంబరు కూడా వేయాలి, వెబ్‌సైట్ ఉంటే అదీ. రెండు డాలర్ల కోసం టోల్ ఫ్రీ లైను పెట్టుకోవడం ఏం లెక్కో! కార్డులోని డబ్బుకి గడువు పెడితే కనీసం ఐదేళ్లు ఇవ్వాలి.

చేత్తో రాసి ఇచ్చే కాగితం సర్టిఫికెట్‌కు ఈ ఫెడరల్ రూల్ వర్తించదు. అదే సర్టిఫికెట్‌ని ఈమెయిల్‌లో పంపితే, కస్టమర్ ప్రింట్ తీసుకున్నా సరే, కాగితం కింద లెక్క కాదు. ఈ తేడా చాలామందికి తెలియదు.

ఇదంతా ఫెడరల్ రూల్ వరకే. రాష్ట్ర చట్టం కస్టమర్‌కి ఇంకా ఎక్కువ రక్షణ ఇస్తే అదీ పాటించాలి. న్యూయార్క్‌లో 2022 డిసెంబర్ 10 తర్వాత అమ్మిన కార్డుల మీద ఇలాంటి ఫీజులు కుదరవు, గడువు కనీసం తొమ్మిదేళ్లు. కాలిఫోర్నియాలో అసలు గడువే పెట్టకూడదు. అక్కడ ఫీజు వేయాలంటే మిగిలింది ఐదు డాలర్లు లేదా అంతకంటే తక్కువ ఉండాలి, 24 నెలలు కదలకుండా ఉండాలి, కార్డు మళ్లీ డబ్బు వేసుకునే రకమై ఉండాలి. ఇన్నీ కుదిరాక వచ్చేది నెలకు ఒక్క డాలర్.

బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో నెలవారీ ఫీజు ఆప్షన్ ఉంటే, కార్డులు అమ్మకముందే అది ఆఫ్‌లో ఉందో లేదో చూసుకోండి.